బీడీకట్ట కాగితం

లేదు, నన్నెవరూ బలవంతపెట్టలేదు. మా చర్చి సంఘ పెద్దలు అనుకుంటున్నట్టు మతి చలించి చెప్పలేదు. ఆఫీసులో కొందరు అంటున్నట్టు పేరు కోసమూ చెప్పలేదు. మొన్న ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నన్ను చెట్టు కిందికి పిలిచి, ప్రార్థనలో దేవుడికి చెప్పుకుంటే సరిపోయేది కదా, ఊరంతా చాటడమెందుకు, సంఘం పరువు పోయింది కదా అన్నాడు. అప్పుడు సరైన జవాబు ఇవ్వలేకపోయాను. కోపమొస్తే నాకు మాటలు తప్పుతాయి, చేతులే ముందుకొస్తాయి. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను. దేవుడికి ఒక్కడికే చెప్పి ఊరుకుంటే ఆ సోమవారం ఫలక్‌నుమాలో ఒక ముసలాయన ఇల్లు తగలబడేది. అప్పుడు సంఘం పరువు ఎక్కడుండేదో ఆ పెద్దాయనే చెప్పాలి.

నేను టెలిఫోన్ లైన్‌మన్‌ని. ఇరవై ఆరేళ్లు. పుట్టిందీ పెరిగిందీ జహనుమాలోనే. ఎనభైల్లోకి వచ్చినా మా గల్లీ మొత్తం మీద ఒక్క ఇంటికీ ఫోను లేదు. నా చేతిలో మాత్రం ఎప్పుడూ ఫోను ఉండేది. తీగ చివర రెండు కొక్కేలున్న నల్లటి ఫోను. స్తంభం ఎక్కి, పెట్టె మూత తీసి, ఆ కొక్కేలు ఏ ఇంటి తీగలకు తగిలించినా ఆ లైను బతికుందో చచ్చిందో చెవికి తెలిసిపోతుంది. డ్యూటీ దిగాక దాన్ని ఆఫీసులో అప్పజెప్పాలి. నేను ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. అన్నం తినేటప్పుడు కూడా కంచం పక్కనే పెట్టుకుంటానని అమ్మ తిట్టేది. అది చేతిలో ఉంటే బంగళాల వాళ్లు కూడా గేటు తీసుకుని ఎదురొచ్చేవాళ్లు. ఆ గౌరవం ఫోనుదని నాకు తెలుసు. నాదేనని అనుకోవడం బాగుండేది.

పోయిన వానాకాలంలో ఒక ఇంటి లైను పాడైందని ఫిర్యాదు వచ్చింది. ఆ ఇంటాయన కోస్తా నుంచి వచ్చి ఒక సర్కారీ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు. తల్లిని తెచ్చి దగ్గర పెట్టుకున్నాడు. మర్యాదస్థుడు, గొంతు పెంచడు. నేను వర్షంలో తడిసి లైను బాగుచేసి, ఇంట్లో ఫోను మోగుతుందో లేదో చూడ్డానికి వెళ్లాను. ఆయన పేరడిగాడు. చెప్పాను. పేరులోనే మేం ఎవరమో ఉంటుంది. దాహమన్నాను. లోపలి నుంచి ముసలమ్మ ఏదో అంది. కాసేపటికి కిటికీ గట్టు మీద గ్లాసుతో నీళ్లు వచ్చాయి. తాగాను. అప్పుడాయన చాలా నెమ్మదిగా, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"ఆ గ్లాసు కుళాయి దగ్గర బోర్లించి వెళ్లు నాయనా. లోపలికి ఇవ్వొద్దు."

కసిరినా భరించేవాణ్ణి. ఆ నెమ్మదితనం నా ఒళ్లు మండించింది.

స్తంభం దగ్గర నాతో పనిచేసే చాచా ఉన్నాడు. కేబుళ్లు అతికే పనిలో ముప్పై ఏళ్ల అనుభవం, ఇంకో ఏడు నెలల్లో రిటైర్మెంటు. నాకు స్తంభం ఎక్కడం నేర్పింది ఆయనే. ఛాయ్ తాగొస్తానని ఆయన మూల మీది హోటల్‌కు పోగానే, సామాను సంచిలో ఆయన పడేసిన బీడీకట్ట కాగితం తీసుకుని మళ్లీ పైకెక్కాను. పెట్టెలో ఆ ఇంటి తీగ బిగించిన మర వదులు చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మధ్యలో ఇరికించి, మళ్లీ బిగించాను. పైకి చూస్తే ఏ తేడా కనిపించదు. లైను మాత్రం చస్తుంది. మా లైన్‌మన్లలో కోపిష్టివాళ్లకు తెలిసిన పాత విద్య అది. రెండ్రోజుల తర్వాత ఇంటాయనే వెతుక్కుంటూ వచ్చి బతిమాలతాడు, ఛాయ్ తాగిస్తాడు, అప్పుడు తీసేస్తాం. కొక్కేలు తగిలించి విన్నాను. చెవిలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని నేను చాలా ఇష్టంగా విన్నాను.

మర్నాడు పొద్దున తీసేద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున కర్ఫ్యూ పెట్టారు.

హిందూ ముస్లిం గొడవలన్నారు గానీ, ఎక్కడ ఏం జరిగిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. అఫ్జల్‌గంజ్ నుంచి వచ్చినవాడు ఒకటి చెప్పాడు, స్టేషన్ నుంచి వచ్చినవాడు ఇంకొకటి. పోలీసు జీపు మైకులో ఒకే మాట చెప్పుకుంటూ గల్లీ గల్లీ తిరిగింది. ఆ తర్వాత కుక్కలు కూడా మొరగలేదు. పక్కింట్లో పోపు పెడితే ఆ చప్పుడు మా ఇంట్లో వినిపించింది. అమ్మ తలుపు గొళ్లెం వేసి, దాని కింద రోకలి పోటు పెట్టింది. ఎవరైనా గట్టిగా తలుపు మూస్తే అందరం లేచి నిలబడేవాళ్లం.

రెండో రోజు ఆఫీసు జీపు నన్ను తీసుకుపోయింది. ఆసుపత్రి లైన్లు, పోలీస్ స్టేషన్ లైన్లు చూడాలని నాకు పాస్ ఇచ్చారు. పదకొండు గంటలప్పుడు ఆ స్తంభం పక్కనుంచే పోయాం. ఫోను నా ఒళ్లోనే ఉంది. రెండు నిమిషాల పని. నేను అటే చూస్తున్నానని డ్రైవర్ బండి నెమ్మది చేసి, ఆపమంటావా అని అడిగాడు. వద్దన్నాను. ఇంకో పూట ఉండనీ, తెలిసొస్తుంది అనుకున్నాను.

ఈ మాట గట్టిగా చెప్పాలి. కాగితం పెట్టింది కోపంలో. వద్దన్నది కోపంలో కాదు. చల్లగా, ఆలోచించే వద్దన్నాను.

ఆ మధ్యాహ్నమే ఆ ముసలమ్మ చనిపోయింది. పొద్దుటి నుంచీ ఊపిరాడలేదట. కొడుకు ఫోను తిప్పుతూనే ఉన్నాడట. మూడు వీధుల అవతలే డాక్టరు. చివరికి తెల్ల తువ్వాలు పైకెత్తి పట్టుకుని బయటికొస్తే, మూల మీద పోలీసులు ఆయన మాట వినకుండానే మణికట్టు మీద లాఠీతో కొట్టి వెనక్కి పంపారు. ఆమె గుండె ఎప్పుడో అలిసిపోయింది, నేనొచ్చినా బతికేదో లేదో చెప్పలేనని ఆ తర్వాత డాక్టరు అన్నాడట. ఏమో. నాకు ఇక ఎప్పటికీ తెలియదు.

కర్ఫ్యూ సడలించాక ఆ లైను చూసిరమ్మని ఆఫీసు వాళ్లు చాచాను పంపారు. ఆయన కాగితం బయటికి తీశాడు. ఎవరికీ తెలియకుండా నలిపి పారేయొచ్చు. అలా చేయలేదు. కిందికి దిగి, ఆఫీసులో బల్ల మీద పెట్టి, ఇది దొరికిందన్నాడు. ఆయన జేబులో ఉన్న బీడీకట్ట మీద కూడా అదే బొమ్మ. ఇంటాయన అప్పటికే పైకి ఫిర్యాదు రాశాడు. ఎవరో కావాలనే చేశారని. బల్ల చుట్టూ నిలబడ్డవాళ్లు కాగితం వైపూ చాచా జేబు వైపూ చూశారు. నేను గోడ మీది నోటీసు చదువుతున్నట్టు నిలబడ్డాను.

ఆ మాట ఆఫీసు దాటడానికి ఒక్క రోజు కూడా పట్టలేదు. రేషన్ లైన్లో విన్నాను. వాళ్లోడు కర్ఫ్యూలో మనోళ్ల ఫోను కోసిండట. సాయంత్రానికి ఒక్క ఇల్లు పది ఇళ్లయింది. మర్నాటికి అది ముందే వేసుకున్న పథకమైంది. ఇంకో రోజుకు, మంగలి దుకాణంలో ఒకడు ఫలక్‌నుమాలో చాచా ఉండే గల్లీ పేరు చెప్పాడు. ఇంకొకడు తలుపు రంగు కూడా చెప్పాడు. ఆకుపచ్చ. ఆ ఇంటి చాప మీద కూర్చుని నేను ఎన్నిసార్లు అన్నం తిన్నానో లెక్క లేదు. గడ్డం గీయించుకుంటున్నవాడు అద్దంలోంచే అన్నాడు.

"సోమవారం అవ్వ పదోదినం. అది కానియ్యి. అయినంక చూద్దాం."

మంగలి కత్తి ఆపలేదు. సోమవారానికి ఇంకా మూడు రోజులుంది.

ఆ మూడు రోజులూ నేను ప్రార్థన చేయలేదని ఎవరూ అనుకోవద్దు. మోకాళ్లు నొప్పి పుట్టేదాకా చేశాను. కానీ కళ్లు మూసుకుంటే చెవిలో చచ్చిపోయిన లైనే వినిపించేది. ఉద్యోగం పోతుంది. జైలుకు పంపుతారు. నాన్న, అంటే మా బాపు, తల ఎత్తుకోలేడు. ఇన్ని కారణాలు దేవుడికి వివరంగా చెప్పాను. అన్నం సయించేది కాదు. అమ్మ నాకు కామెర్లేమోనని కళ్లు లాగి చూసింది.

ఇక్కడ మా బాపు సంగతి చెప్పాలి. రైలు పట్టాల గ్యాంగులో పనిచేస్తాడు. యాభై నాలుగేళ్లు. చదువు రాదు. బైబిల్ వాక్యం తానే చదువుకోవాలని ఏడాది కిందట మా చర్చి పక్క రేకుల షెడ్డులో ఆదివారం బడి పిల్లల మధ్య చాప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. నలుగురిలో ఇజ్జత్ తీస్తున్నావని ఒకసారి ఇంట్లో పెద్ద లొల్లి చేశాను. ఆయన పలక తుడుచుకుంటూ, "అక్షరాలు వాళ్ల తాననే ఉన్నయి బిడ్డా. ఇంకెక్కడికి పోవాలె" అన్నాడు.

ఆ పిల్లల బడిలో ఒక అలవాటుంది. పాఠం అయిపోయాక టీచరమ్మ, ఈ వారం ఎవరేం తప్పు చేశారని అడుగుతుంది. చేతులు లేస్తాయి. సుద్దముక్క తీశాను, చెల్లెను గిచ్చాను, అమ్మకు అబద్ధం చెప్పాను. ఒక్కొక్కరు చెప్పగానే మిగతా అందరూ కళ్లు గట్టిగా మూసుకుని, అయ్యా మాఫ్ చెయ్యి, అని కేక వేస్తారు. ఆ తర్వాత అందరూ కలిసి ఒక్కటే ప్రశ్న అడుగుతారు. తిరిగిచ్చినవా? ఇచ్చానని చెప్పేదాకా వదలరు. ఆఖరున కాగితాల్లో గుడాలు, ఉడకబెట్టిన శనగలు, పంచుతారు. పెద్దవాళ్లం ఆరాధనకు వస్తూ ఇదంతా తలుపు దగ్గర నిలబడి చూసి నవ్వుకునేవాళ్లం.

ఆ ఆదివారం నేను కాస్త ముందే పోయాను. మంగలి దుకాణం మీదుగా నడిచి వచ్చాను. రోజూ ఇద్దరు ముగ్గురు కూర్చునే అరుగు మీద పది పన్నెండు మంది ఉన్నారు. నేను దగ్గరికి రాగానే మాటలాపారు. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మా బాపు చెయ్యెత్తి ఉన్నాడు.

"గ్యాంగుల మా మేస్త్రి డబ్బలకెళ్లి మామిడికాయ తొక్కు తీసుకుని తిన్న. అడిగితె నేను కాదన్న."

పిల్లలు పడి పడి నవ్వారు. బాపు కూడా నవ్వాడు. తర్వాత వాళ్లతో పాటు కళ్లు మూసుకున్నాడు. పట్టాల మీద ఎండకు నల్లబడ్డ ఆ పెద్ద ముఖం, ఎవరో పైనుంచి నీళ్లు పోస్తున్నప్పటి పిల్లాడి ముఖంలా ముడుచుకుంది. అయ్యా మాఫ్ చెయ్యి, అని కేక వినపడింది. కళ్లు తెరిచాడు. తిరిగిచ్చినవా తాతా, అన్నారు. రేపు మన ఇంటి తొక్కు సీసాలో పట్టుకపోయి ఇస్తానన్నాడు. అంతటితో అయిపోయింది. తొక్కు సంగతి ఇక ఆయన మీద ఎక్కడా లేదు.

నాకు అసూయ వేసింది. నిజం చెబుతున్నాను, భక్తి కాదు, అసూయ. ఆయనకు అంత సులువుగా దొరికింది నాకు మోకాళ్లు అరిగినా ఎందుకు దొరకలేదని కోపం కూడా వచ్చింది. నేను అడిగినవన్నీ తప్పించుకునే దారులేనని అక్కడ నిలబడ్డప్పుడే తెలిసింది. లోపలికి పోయి చాప చివర కూర్చున్నాను. చెయ్యెత్తాను.

టీచరమ్మ నేను ఆటపట్టిస్తున్నాననుకుంది. "ఏందన్నా, నువ్వు గూడనా?" అంది.

పిల్లల ముందు తిప్పి చెప్పడానికి వీల్లేదు. కారణాలు చెబితే వాళ్లకు అర్థం కావు. అందుకని వాళ్లలాగే చెప్పాను.

"ఒకళ్లింటి ఫోను నేను చెడగొట్టిన. బాగుచేసేటందుకు టైం దొరికినా చెయ్యలే. వాళ్ల అవ్వ సచ్చిపోయింది. మా చాచా చేసిండని అందరంటున్నరు. నేను ఊకున్న."

టీచరమ్మ చేతిలో గుడాల గిన్నె అలాగే ఆగిపోయింది. తలుపు దగ్గర ఎవరో ప్రభువా అన్నారు. పిల్లలు మాత్రం ఆగలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, తొక్కుకు ఎంత గట్టిగా అరిచారో అంతే గట్టిగా అరిచారు. కొంచెం ఎక్కువా లేదు, తక్కువా లేదు. వెంటనే అలవాటు ప్రకారం అడిగారు.

"తిరిగిచ్చినవా?"

ఏం తిరిగివ్వాలి? బాపు లేచాడు. భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"లే. పోదాం. గుడాలు వచ్చినంక తిందువు."

నాకు ఏడుపు రాలేదు. విచిత్రంగా ఆకలేసింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి, కడుపు మండేంత ఆకలి.

చనిపోయిన ముసలమ్మ ఇంటి ముందు షామియానా కర్రలు దించుతున్నారు. రేపటి పదో రోజు కోసం. బాపు గేటు బయటే నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఇంటాయన గుండు మీద తడిగుడ్డ వేసుకుని, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను నిలబడే చెప్పాను. కాగితం సంగతి, జీపులో పోతూ ఆగకపోవడం, రెండూ. వీధిలో కర్రలు దించే చప్పుడు ఆగిపోయింది.

"ఎందుకు చేశావు?"

"గ్లాసు బోర్లించమన్నరు సార్."

"దానికా?"

"దానికే."

ఆయన కుళాయి వైపు చూడలేదు, నన్నే చూశాడు. గొంతు పెంచలేదు.

"చెప్పేశావు. తేలికపడ్డావు. మరి నేనేం చెయ్యను?"

మా చాచాకు దీంతో సంబంధం లేదని, ఆ మాట ఆయన నోటితో వీధిలో వాళ్లకు చెప్పమని అడిగాను. ఆయన వెళ్లమన్నాడు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. ఆ గ్లాసును నేనూ మరచిపోలేదు. ఆయన నాకు బాకీ ఉన్నది ఆయనకే వదిలేశాను. నేను బాకీ ఉన్నది చెప్పడానికి పోయాను. ఈ రెండింటినీ కలిపేసి, మేం తలవంచామని చెప్పుకునేవాళ్లను చూస్తే నాకిప్పటికీ చెయ్యి లేస్తుంది.

ఆ సాయంత్రం ఆయన తానే మంగలి దుకాణం దాకా నడిచి వచ్చి, ముసలాయన కాదు, ఆ లైన్‌మన్ కుర్రాడే వచ్చి ఒప్పుకున్నాడని చెప్పాడట. ఇంకే మాటా చెప్పకుండా తిరిగి వెళ్లిపోయాడట. అరుగు ఖాళీ అయింది. చీకటి పడకముందే మా ఇంటి రేకుల మీద రెండు రాళ్లు పడ్డాయి. అమ్మ రోకలి పోటు మళ్లీ పెట్టింది.

సోమవారం ఆఫీసులో కాగితం మీద రాసిచ్చాను. సస్పెండ్ చేశారు. చేతి ఫోను తీసుకుని, తీగ చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేశారు. బయట వరండాలో చాచా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చోలేక నిలబడ్డాను. నీకు ముందే తెలుసా అని అడిగాను.

"కాగితం నాలుగు మడతలు పెట్టుడు నేర్పింది నేనే గద బేటా."

"మరి ఎందుకు చెప్పలే చాచా?"

"నువ్వు చెప్తవని చూసిన." బీడీ వెలిగించబోయి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఇయ్యాల గూడ రాకుంటే పొద్దుగూకేటాల్లకు ఇల్లు ఖాళీ చేద్దామనుకున్న. మూటలు కట్టిపెట్టింది మీ చాచీ."

జరిగింది ఇదీ. వచ్చే నెల విచారణ ఉంది. ఉద్యోగం పోవచ్చు, కేసు పెట్టొచ్చు. పోలీసులు రెండుసార్లు వచ్చి వాంగ్మూలం తీసుకున్నారు. గల్లీలో జీపు చప్పుడైతే లేచి చొక్కా తొడుక్కుంటున్నాను. ముసలమ్మ ఊపిరి కోసం తన్నుకుంటున్న గది, నేను చూడని గది, కళ్ల ముందుకొస్తుంది. అది పోవాలని నేను ప్రార్థించను. ఆదివారాలు మాత్రం బాపు పక్కన చాప మీద కూర్చుని చెయ్యెత్తుతున్నాను. పోయిన వారం అమ్మ మీద అరిచానని చెప్పాను. పిల్లలు ఎప్పటిలాగే అరిచారు. తిరిగిచ్చినవా అన్నారు. ఇంటికిపోయి అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను.

ఇన్ని పోయాక నీకు దొరికిందేంటని సంఘ పెద్దాయన అడుగుతున్నాడు. ఎవడు ఏ వీధిలో ఏం మాట్లాడుకుంటున్నా చెవులు మూసుకోకుండా నడుస్తున్నాను. ఎవరు పేరు పెట్టి పిలిచినా ఆగి, తిరిగి చూస్తున్నాను. నా గురించి ఈ బస్తీకి తెలియకుండా దాచుకోవాల్సింది ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. దీన్ని నేను విడుదల అంటాను. మీరు వేరే ఏదైనా అనుకోండి. కానీ నా చోట మీరుంటే నోరు మూసుకుని, ఆ ఇల్లు కాలనిచ్చి, ఆపై ఆదివారం ఆరాధనలో నాకంటే హాయిగా నిలబడేవాళ్లమని నా ముఖంలోకి చూస్తూ చెప్పగలరా?